చిన్న చికాకులకే కుంగిపోతున్నాను, దేవుణ్ణి నమ్మినా తగ్గడం లేదు – ఒక మిర్చి యార్డు గుమస్తా సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా మీరు అడిగింది ఇదీ. వయసు ముప్పై నాలుగు, విజయవాడలో ఉద్యోగం, ఇంటి లోను ఈఎంఐ, అత్తగారి మాటలు, బాబు మార్కులు, ఆఫీసులో మేనేజరు సణుగుడు. మొన్న వానలో బెంజి సర్కిల్ దగ్గర స్కూటీ ఆగిపోతే అక్కడే నిలబడి ఏడ్చేశారు. ప్రతి శుక్రవారం ఇంద్రకీలాద్రి ఎక్కి అమ్మవారి దర్శనం చేసుకుంటారు, కొండ దిగిన అరగంటకి మళ్ళీ అదే టెన్షన్. "ఉన్నదానికి సంతోషపడు" అని ఎవరన్నా అంటే ఒళ్ళు మండుతోంది. భక్తి, కృతజ్ఞత ఇలాంటి రోజువారీ గొడవలకి నిజంగా పనికొస్తాయా, లేక అవి ఉత్త ఊరడింపు మాటలేనా అని అడిగారు.

పనికొస్తాయి. కాకపోతే మీరు అనుకుంటున్న పనికి కాదు. ఈఎంఐ తగ్గదు, అత్తగారు మారరు, మేనేజరు సణుగుడు మానడు. రాత్రి పదింటికి కొండంత కనిపించిన కష్టం దాని అసలు సైజుకి వస్తుంది, అంతే. ఇంకో సంగతి, ఇది మనసులో అనుకుంటే వచ్చేది కాదు. చేత్తో చేసే పని, పళ్ళు తోముకున్నట్టు రోజూ చెయ్యాలి.

నేను స్వామీజీని కాదు, సైకాలజిస్టునీ కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 31 ఏళ్ళు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. చిట్టా (రోజువారీ జమాఖర్చుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) రాయడం తప్ప ఇంకో విద్య రాదు. అందుకని నాకు తెలిసిన భాషలోనే చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

1994 మార్చి, సీజన్ మంచి ఊపు మీద ఉంది. యార్డు బయట లారీలు బారులు తీరి ఉండేవి, లోపల టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నడవడానికి దారి ఉండేది కాదు, ఘాటుకి తుమ్ములే తుమ్ములు. ఒక సాయంత్రం చిట్టా కడుతుంటే గల్లాపెట్టెలో 5,400 తక్కువ వచ్చింది. అప్పట్లో నా జీతం నెలకి 1,600. మూడు నెలలు దాటిన జీతం! ఎవరికీ చెప్పలేదు. నోట్లు మళ్ళీ లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను, ఆ 5,400 అంకె కేసే చూస్తూ కూర్చున్నాను. మూడు రాత్రులు నిద్ర లేదు. టీ తెచ్చే కుర్రాణ్ణి కూడా అనుమానించాను, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇంట్లో మా ఆవిడ ఏం వండి పెట్టిందో, పిల్ల ఏం మాట్లాడిందో ఒక్కటీ గుర్తు లేదు. ఆ మూడు రోజులూ నాకు ఆ అంకె తప్ప ప్రపంచం లేదు.

మా కొట్టులో పెద్ద గుమస్తా ఒకాయన ఉండేవారు, యార్డంతా ఆయన్ని సాయిబుగారు అనే పిలిచేది. మూడో రోజు సాయంత్రం నా మొహం చూసి ఆయనే అడిగారు, నేను కక్కేశాను. ఆయన కంగారు పడలేదు. "ఇవాళ్టికి ఆ 5,400 అనామతులో రాసెయ్యి, చిట్టా కట్టు, ఇంటికెళ్ళి పడుకో, షావుకారుకి నేను చెప్తా" అన్నారు. ఈ తరం వాళ్ళకి తెలియకపోవచ్చు, అనామతు ఖాతా అంటే ఎటూ తేలని మొత్తాన్ని తాత్కాలికంగా పెట్టే ఖాతా. తేలే దాకా అక్కడ ఉంటుంది. తేడా మాఫీ అయినట్టు కాదు, మర్చిపోయినట్టూ కాదు. రేపు పొద్దున కొట్టు తెరవాలి కదా, దానికోసం.

మర్నాడు పొద్దున ఎర్ర పెన్సిలు చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "తేడా కేసి చూస్తూ కూర్చుంటే తేడా దొరకదు నాయనా. సరిపోయినవన్నీ టిక్కు పెట్టుకుంటూ రా. టిక్కు పడకుండా ఏది మిగిలితే అదే నీ తప్పు" అన్నారు. ఆయన పట్టీలు (రైతులకిచ్చే లెక్క చీటీలు) చదువుతుంటే నేను చిట్టాలో టిక్కు పెడుతున్నాను. ఒక్కో పద్దు సరిపోయినప్పుడల్లా ఆయన గొణుక్కున్నట్టు "అల్‌హందులిల్లా", అంటే దేవుడికే స్తోత్రం, అంటున్నారు. నూట నలభై పైచిలుకు పద్దులు. పదకొండింటికి దొరికింది. ఒక రైతుకి 17,100 ఇచ్చి, చిట్టాలో 11,700 అని రాశాను. ఏడు, ఒకటి తారుమారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తిరగబడ్డాయేమో చూసుకోవాలని అప్పుడే నేర్పారు, అది వేరే సంగతి.

నాకు నిలిచిపోయింది ఆ తప్పు కాదు. నూట నలభై పద్దులు సరిగ్గా రాసిన మనిషిని, మూడు రోజులు ఒక్క పద్దు కింద పడి నలిగిపోయాను. మీరు బెంజి సర్కిల్ దగ్గర చేసిందీ అదే, తప్పు పట్టడం లేదు, మనసుకి ఆ అలవాటు ఉంది. తేడా ఎక్కడుందో అక్కడే చతికిలబడుతుంది.

కాబట్టి మొదటి పని: సరిపోయిన పద్దులకి ముందు టిక్కు పెట్టండి. రాత్రి పడుకునే ముందు ఒక నోటుబుక్కు, ఐదు నిమిషాలు. ఎడమవైపు ఆ రోజు జరిగిన మంచి, కుడివైపు చికాకు. ఒక్క నియమం, మంచి రాసేటప్పుడు "ఆరోగ్యం, కుటుంబం, దేవుడి దయ" అని టోకున రాయకండి. టోకు పద్దు చెల్లదు, రెండో రోజుకే బోరు కొట్టి మానేస్తారు. విడివిడిగా, చిల్లరగా రాయాలి. పోయిన మంగళవారం నా పుస్తకంలో ఉన్నది యథాతథంగా రాస్తున్నాను:

"మోటారు వేసి మర్చిపోతే ఎదురింటాయన గోడ మీంచి కేకేశాడు. మందుల షాపు కుర్రాడు బీపీ మాత్రల డేటు దగ్గర పడిందని తనే చూసి వేరే స్ట్రిప్పు ఇచ్చాడు. మాగాయ అన్నం, మా ఆవిడ వేడి నెయ్యి వేసింది. కుడివైపు: మోకాలు. అల్లుడు ఫోన్ చెయ్యలేదు. మోటారు రిపేరు 2,200."

కుడివైపు కూడా రాయమని ఎందుకంటున్నానో చెప్తాను. కష్టాన్ని దాచిపెట్టి మంచి మాత్రమే రాస్తే అది దొంగ లెక్క, మీకే నమ్మకం కుదరదు. పైగా మోటారు రిపేరు అనేది తలలో ఉన్నంతసేపు ఎంత పెద్దదో తెలియదు, 2,200 అని కాగితం మీద పడ్డాక అది రెండువేల రెండొందలే. మీ ఈఎంఐ కూడా "లోను" అని కాకుండా ఈ నెల ఇంత, ఏ తారీఖు, చేతిలో ఇంత అని రాసి చూడండి.

దీని మీద అమెరికాలో పరిశోధన కూడా జరిగిందని మా అమ్మాయి చెప్పింది. ఎమ్మన్స్, మెక్‌కల్లో అనే ఇద్దరు 2003లో ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరిని పది వారాల పాటు వారానికోసారి తమకి జరిగిన ఐదు మంచి సంగతులు, కొందరిని ఐదు చికాకులు, మిగతావాళ్ళని మామూలు సంగతులు రాయమన్నారు. మంచి రాసినవాళ్ళు తమ జీవితం పట్ల మిగతావాళ్ళ కంటే ఎక్కువ తృప్తిగా ఉన్నారట. కండరాల జబ్బు ఉన్నవాళ్ళ చేత ఇరవై ఒక్క రోజులు రాయిస్తే వాళ్ళకి నిద్ర కూడా మెరుగైందట. సాయిబుగారు ఉండుంటే నవ్వేవారు.

ఇక భక్తి సంగతి. మీరు వారం వారం కొండెక్కుతున్నా మనసు కుదుటపడటం లేదంటే, తప్పు మీ భక్తిలో లేదు, అమ్మవారిలో అసలే లేదు. మీరు రాసిన దాన్ని బట్టి నాకు తోచింది చెప్తున్నాను, నచ్చకపోతే వదిలెయ్యండి. మీరు దర్శనానికి వెళ్ళి ఆ వారం కష్టాల జాబితా మొత్తం అమ్మవారి ముందు చదివి, ఇది తీరిస్తే చీర పెడతాను, అది తీరిస్తే నూట ఒక్క టెంకాయలు కొడతాను అని వస్తున్నారు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే చేశాను. మా యార్డులో రైతుకి అడ్వాన్సు ఇచ్చి సరుకు మన కొట్టుకే తోలించుకున్నట్టు. మొక్కు తప్పని నేననను, మా ఇంట్లోనూ ఉన్నాయి. కానీ జాబితా చదివి మళ్ళీ అదే జాబితా చంకన పెట్టుకుని కొండ దిగితే బరువు ఎలా తగ్గుతుంది?

అక్కడ అనామతులో రాసి రావాలి. నేను చెయ్యగలిగింది చేశాను, రేపు చెయ్యగలిగింది ఇదీ, ఈ రెంటికీ అందనిది నీ పేర అనామతులో రాస్తున్నాను, తేలినప్పుడు తేలుతుంది. ఇంతే నా ప్రార్థన, సాయిబుగారి చలవ. దీనికి విశ్వాసం కావాలి, ఒప్పుకుంటాను. ఆ ఖాతా చూసేవాడు ఒకడున్నాడన్న నమ్మకం లేకపోతే ఆ పద్దు మళ్ళీ మన తలలోకే వచ్చి కూర్చుంటుంది. మా సాయిబుగారికి ఆ నమ్మకం నమాజులో దొరికింది, గుణదల మాత కొండ ఎక్కేవాళ్ళకి అక్కడ దొరుకుతుంది, మీకు ఇంద్రకీలాద్రి ఉంది.

నాకు మంగళగిరిలో దొరికింది. మీకు తెలియనిదేం కాదు, పానకాల స్వామి. నోట్లో పానకం పోస్తుంటే గుటగుట తాగినట్టు చప్పుడు వినిపిస్తుంది, సగం అయ్యేసరికి ఆగిపోతుంది, మిగతా సగం ప్రసాదంగా మన బిందెలో మనకే వస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఎప్పుడూ పెద్దగా ఆలోచించలేదు. రిటైరయ్యాక ఒకసారి వెళ్ళినప్పుడు, ఆ మిరియాల ఘాటు పానకం తాగుతూ మెట్ల మీద కూర్చుంటే మా ఆవిడ అంది, "మీరు ఎప్పుడూ ఆయన తీసుకున్న సగం గురించే లెక్క అడుగుతారు, చేతిలో ఉన్న సగం చల్లారిపోతోంది" అని. పానకం చల్లారేదేమిటే అని నవ్వాను గానీ మాట మాత్రం గుచ్చుకుంది. అప్పట్నుంచి నెలకోసారి ఏ కోరికా లేకుండా కొండకి వెళ్ళొస్తాం. మొదటి రెండుసార్లు చాలా కష్టమైంది, గుడిలో నిలబడి ఏమీ అడక్కుండా ఉండటం అంత తేలిక కాదు, ప్రయత్నించి చూడండి, నోటి దాకా వస్తుంది.

కుంతీదేవి కృష్ణుణ్ణి కష్టాలే ఇమ్మని అడిగిందని పురాణంలో చెప్తారు, కష్టం వచ్చినప్పుడే నువ్వు కనిపిస్తావని. గొప్పదే. నాకంత ధైర్యం లేదు. వచ్చినవి చాలు స్వామీ అంటాను.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి చెప్పకపోతే పైన రాసిందంతా మిమ్మల్ని విసిగించిన ఆ సలహాలాగే తయారవుతుంది.

పక్కవాడి కష్టంతో పోల్చుకోవడం కృతజ్ఞత కాదు. "నీకంటే హీనంగా ఉన్నవాళ్ళని చూడు" అంటారే, నేనూ నమ్మేవాణ్ణి. యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరపకాయల కుప్పల ముందు కూర్చునేవాళ్ళు, చేతులు మండిపోతుంటే నూనె రాసుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ టీ గ్లాసు చేతికి రాగానే కళ్ళు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అని అప్పుడు తాగేది. నేను జాలిగా, "నిన్ను చూస్తే మా కష్టాలు ఒక కష్టాలా అనిపిస్తుందమ్మా" అన్నాను ఒకరోజు, పెద్ద తత్వం చెప్పినట్టు. ఆవిడ కాయ ఒలుస్తూనే, తలెత్తకుండా, "జాలి దేనికండీ గుమస్తాగారూ, కూలి పెంచమని మీ షావుకారుకి చెప్పండి" అంది. చుట్టూ ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆవిడ టీకి స్తోత్రం చెప్పింది, కూలికి కాదు. ఆ రెండూ వేరని ఆవిడకి తెలుసు, నాకు తెలియలేదు.

అదే తప్పు నా విషయంలోనూ చేశాను. ఉద్యోగం ఉంది, దేవుడి దయ, ఇంకేం అడుగుతాం అనుకుని ఆరేళ్ళు జీతం పెంచమని నోరు తెరవలేదు. చివరికి మా ఆవిడ పోరు పడలేక అడిగితే షావుకారు మారుమాట లేకుండా పెంచాడు, "అడగకపోతే ఎలా తెలుస్తుందయ్యా" అన్నాడు పైగా. ఆ ఆరేళ్ళు నేను చూపించింది కృతజ్ఞత కాదు, భయం. మీ మేనేజరు విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి. అమ్మవారికి దండం పెట్టుకోండి, తరవాత వెళ్ళి మాట్లాడాల్సింది మాట్లాడండి. అత్తగారి మాటలు మామూలు సాధింపు దాటి అవమానం దాకా పోతుంటే, పుస్తకంలో రాసి ఊరుకోకండి, మీవారితో కూర్చుని తేల్చుకోండి.

ఎదుటివాళ్ళకి మాత్రం ఈ మందు పొయ్యకండి. 2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు నీళ్ళు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మా చెల్లెలి ఇల్లు మునిగింది. అటు ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద వస్తోందని టీవీలో చూపిస్తుంటే, ఇటు దాని ఫోను కలవడం లేదు. నాలుగు రోజులు పై వాటావాళ్ళ ఇంట్లో తలదాచుకున్నారు, తొమ్మిది మంది రెండు గదుల్లో. నీళ్ళు తీశాక నేను వెళ్ళాను. ఫ్రిజ్ తేలి వెళ్ళి వంటింటి గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. పెళ్ళి ఆల్బమ్ పేజీలు బురదతో అట్టకట్టుకుపోయాయి. కుట్టుమిషను చక్రం తిప్పితే లోపల్నుంచి మట్టినీళ్ళు కారాయి. చూడ్డానికి వచ్చిన బంధువు ఒకాయన "ప్రాణాలు దక్కాయి, అమ్మవారి దయ, సంతోషించు" అన్నాడు. మా చెల్లెలు అతని ముందు ఏమీ అనలేదు. అతను వెళ్ళాక, "ప్రాణం దక్కింది, నిజమే అన్నయ్యా, మిషను పోయింది కదా, అది కూడా నిజమే కదా" అని ఆ మిషను పక్కనే కూర్చుని ఏడ్చింది. నేను నోరు మూసుకుని బురద ఎత్తాను. నా పద్దుల తత్వం ఒక్క ముక్క కూడా అక్కడ చెప్పలేదు, చెప్పకపోవడమే మంచిదైంది.

తరవాతి సంవత్సరం సెప్టెంబర్ ఒకటిన తనే సున్నుండలు చేసి, డబ్బా నిండా పెట్టి, పైవాళ్ళకి ఇచ్చొచ్చిందట. ఎవరూ చెప్పలేదు. దేవుడికి ఎలాగూ రోజూ దీపం పెడుతుంది. మనుషుల పద్దు మనుషులకే కట్టాలని దానికి తోచింది. ఇది నేను మా చెల్లెలి దగ్గర నేర్చుకున్నాను, నా పుస్తకంలో ఎడమవైపు ఎవరి పేరైనా వస్తే వాళ్ళకి వారంలోగా ఒక మాట చెప్తాను. మందుల షాపు కుర్రాడికి చెప్తే వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు, ఫర్వాలేదు.

చివరిది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చికాకు వేరు, జబ్బు వేరు. రెండు వారాలు దాటి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం, వీటిలో ఏదున్నా పుస్తకం, గుడి పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ ఉంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. షుగరు వస్తే మాత్ర వేసుకుని దణ్ణం పెట్టుకోమా? ఇదీ అంతే.

ఎన్నాళ్ళకి తేడా తెలుస్తుందని అడుగుతారేమో. నాకు నెల పట్టింది, మా ఆవిడకి నాలో తేడా పదిరోజులకే కనిపించిందట. మధ్యలో కొన్ని రాత్రులు ఎడమవైపు ఒక్క లైను కూడా తోచదు, తోచకపోతే "ఇవాళ ఏమీ లేదు" అని రాసి పడుకోండి, అబద్ధం మాత్రం రాయకండి.

ఇంకొక్క మాట అడిగి ముగిస్తాను. బెంజి సర్కిల్ దగ్గర స్కూటీ ఆగిపోయిందని, వాన అని, ఏడ్చానని అంతా వివరంగా రాశారు. మరి ఇంటికి ఎలా చేరారో రాయలేదు. ఎవరో ఒకరు ఆగి, కిక్కు కొట్టి చూసో, మెకానిక్ షాపు దాకా తోసో ఉంటారు కదమ్మా? ఎవరు వాళ్ళు? ఇవాళ రాత్రి ఎడమవైపు మొదటి పద్దు అది రాయండి.